దండమా, సామమా? నడుమ మఱచిన దానము

రాజనీతిశాస్త్రము చెప్పిన ఉపాయములు నాలుగు: సామము, దానము, భేదము, దండము. వీనిని మన బడిపిల్లలును వల్లెవేయగలరు. కాని ఉగ్రవాదమును గుఱించి నేడు మన యిండ్లలోను, రచ్చబండలకడను, పత్రికలయందును సాగుచున్న వాదమును విన్నవారికి ఉపాయములు రెండేయని తోచును. ఒక పక్షమువారు తుపాకియే మందందురు. దానికి సైనికచర్యయని పేరు. రెండవ పక్షమువారు చర్చలే శరణ్యమందురు; దానికి శాంతియని పేరు. మొదటివారు రెండవవారిని దేశద్రోహులనియు, రెండవవారు మొదటివారిని హింసాప్రియులనియు నిందించుటతోనే ప్రొద్దు గ్రుంకును. ఈ కలహములో దానభేదముల మాట యెత్తువారు లేరు. సామమనగా నేమి, దండమనగా నేమి యని నిలిచి విచారించువారును అరుదు. ఈ విచారణకు మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలు తగిన చోటు. ఏలయన, తుపాకియు చర్చయు రెండును ఇచ్చట పరీక్షింపబడినవి. వాని ఫలితము మన కన్నులయెదుటనే యున్నది.

ముందుగా మాటకు అర్థము నిర్ణయింతము. నిరాయుధులను చంపి, ఆ చావుచేత తక్కినవారిని భయపెట్టి, తన యిష్టమును నెగ్గించుకొనుట ఉగ్రవాదము. చంపువాని జెండా యే రంగుదైనను, వాడు చెప్పు కారణమెంత గొప్పదైనను ఈ లక్షణము మాఱదు. పేదవాని పేరు చెప్పి చంపినను అది ఉగ్రవాదమే. చట్టమును కాపాడుటకని చెప్పి, ముసుగు వేసికొని చంపినను అది ఉగ్రవాదమే. ఈ కొలతను ఇరువైపులవారికిని సమముగా పట్టనివాడు ఈ విషయమున తీర్పు చెప్పుటకు అర్హుడు కాడు.

ఇక మన సీమ కథ. 1980 ఏప్రిలులో కొండపల్లి సీతారామయ్య ప్రభృతులు స్థాపించిన పీపుల్స్ వార్ పార్టీ ఉత్తర తెలంగాణమున వేళ్లూని, పిదప దక్షిణమునకు వ్యాపించి, నల్లమలను స్థావరముగా చేసికొనెను. అమ్రాబాదు గుట్టలును, కృష్ణ కిరుదరులనున్న లోయలును, చెంచుపెంటల నడుమ కాలిబాటలును వారికి ఆశ్రయములైనవి. ప్రభుత్వము 1989లో గ్రేహౌండ్స్ అను ప్రత్యేక దళమును నెలకొల్పెను. 1993 నవంబరు 14న మహబూబ్‌నగరు జిల్లా పోలీసు సూపరింటెండెంటు పరదేశి నాయుడును, ఆయన వెంటనున్న పోలీసులును కొల్లాపురము చేరువ సోమశిల యొద్ద నక్సలైట్ల దాడిలో హతులైరి. నేడు యాత్రికులు పడవలెక్కి కృష్ణానది యందము చూచు సోమశిలయే అది.

ఆ దశకమున పాలమూరు జిల్లాలో బడికి పోయిన నావంటివారికి నాటి పల్లె జ్ఞాపకముండక మానదు. రాత్రి వచ్చినవారికి అన్నము పెట్టుట యొక నేరము. పగలు వచ్చినవారికి బదులు చెప్పుట మఱియొక నేరము. మొదటిదానికి ఠాణాలో దెబ్బలు. రెండవదానికి ఇన్ఫార్మరను ముద్ర, ఆపై ప్రాణభయము. అన్నము పెట్టననుటకును, బదులు చెప్పననుటకును పల్లెవానికి శక్తి యెక్కడిది? ఉభయుల యుద్ధములో ఉభయులకును చెందని ఈ మనుష్యుని పేరు ఏ విజయస్తూపము మీదను లేదు, ఏ అమరవీరుల స్తూపము మీదను లేదు.

ఇట్టి నేలలో ఆ విత్తనమేల మొలచెనని యడుగుట హింసను సమర్థించుట కాదు. వైద్యుడు రోగకారణ మడుగుటవంటిది. కృష్ణాతుంగభద్రలు రెండును ఒరసికొని పాఱుచుండినను, నడిగడ్డ మొదలు నల్లమల అంచువఱకు పొలములు వానమబ్బును నమ్ముకొని యుండెను. మేస్త్రి చేతినుండి బయానా పుచ్చుకొని, ముసలివారిని పిల్లలను ఇంట విడిచి, దూరదేశములకు మట్టిపనికి పోవుట పాలమూరు కూలికి వంశపారంపర్య వృత్తియైపోయెను. శ్రీశైలము ఆనకట్ట వెనుక నిలిచిన నీటిలో కొల్లాపురము, ఆలంపురము ప్రాంతముల పల్లెలనేకములు మునిగెను. విద్యుత్తు ఎవరికో పోయెను. మునిగిన ఊరివాడు కచ్చేరుల చుట్టు తిరిగెను. అడవిలో చెంచువాడు తాతలనాటి నుండి తిరిగిన చోటనే అటవీశాఖవారికి దొంగగా కనబడెను. ఇట్టివాని యొద్దకు వచ్చి, నీకు న్యాయము చేసెదమని చెప్పినవాడు తుపాకి పట్టినవాడైనను, వాని మాట కొంతకాలము చెవికెక్కును.

ఇప్పుడు 2004వ సంవత్సరమునకు వత్తము. ఆ యేటి ఎన్నికలలో గెలిచిన వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వము పీపుల్స్ వార్ పై నిషేధమును జూలైలో పొడిగింపక విడిచెను. సెప్టెంబరులో ఆ పార్టీ మఱియొక పక్షముతో నేకమై మావోయిస్టు పార్టీ యయ్యెను. అక్టోబరులో రామకృష్ణ యను పేర ప్రసిద్ధుడైన అక్కిరాజు హరగోపాల్ ప్రభృతులు ప్రకాశము జిల్లా వైపున నల్లమలనుండి వెలికివచ్చిరి. హైదరాబాదులోని మంజీర అతిథిగృహమున 15వ తేదీ మొదలు 18వ తేదీ వఱకు వారును, జనశక్తి పక్షమున అమర్, రియాజ్ అనువారును, ప్రభుత్వపక్షమున గృహమంత్రి కె. జానారెడ్డి ప్రభృతులును ఎదురెదురుగా కూర్చుండిరి. మధ్యవర్తులలో ముఖ్యుడు యస్.ఆర్. శంకరన్. ఈయనను గుఱించి రెండు మాటలు చెప్పవలెను. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యమున గుర్తేడు వద్ద నక్సలైట్లు పట్టుకొనిపోయిన అధికారులలో ఈయన యొకడు. తన్ను బందీ చేసినవారిపై పగ పట్టుటకు ఈయనకు కారణము లేకపోలేదు. ఐనను 1997లో పౌరస్పందన వేదికను కూర్చి, ఇరుపక్షములకును ఉత్తరములు వ్రాసి, ఇరుపక్షముల తప్పులను మొగముమీదనే చెప్పి, ఏండ్ల తరబడి శ్రమించి వారినొక బల్లయొద్దకు తెచ్చెను. సామము పిఱికివాని పనియను వారు ఈ చరిత్రమును చదువవలెను.

ఆ నాలుగు దినముల పిదప రెండవ విడత చర్చలు జరుగలేదు. ఆయుధములతో ఊళ్లలో తిరుగరాదని ప్రభుత్వమనెను. ఆయుధములు విడువమని మావోయిస్టులనిరి. 2005 జనవరిలో మరల కాల్పులు మొదలయ్యెను. చర్చలనుండి తొలగితిమని పార్టీ ప్రకటించెను. జూలైలో, చర్చల బల్లయొద్ద కూర్చున్న రియాజ్ ఎన్‌కౌంటరులో మరణించెను. ఆగస్టు 15న, స్వాతంత్ర్య దినోత్సవమునాడు, నాటి మహబూబ్‌నగరు జిల్లా నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కుమారుని, మఱికొందఱిని మావోయిస్టులు కాల్చిచంపిరి. రెండు దినములకు ప్రభుత్వము పార్టీని మరల నిషేధించెను. ఆ నెలలోనే మన జిల్లాలో పౌరహక్కుల సంఘమునకు చెందిన ఉపాధ్యాయుడొకడు, కోబ్రాలని పేరు పెట్టుకొన్న అజ్ఞాతముఠా చేతిలో హత్యకు గుఱియయ్యెను. శాసనసభ్యుడు ప్రజలెన్నుకొన్నవాడు, ఉపాధ్యాయుడు పిల్లలకు చదువు చెప్పువాడు. ఈ రెండు చావులను ఒకే త్రాసులో తూచి రెండింటికిని దుఃఖించినవారు నాడెందఱు? ఒకదానికి దుఃఖించినవారు రెండవదానికి మౌనము వహించిరి. మన సీమ నైతికముగా ఓడినది అప్పుడే.

ఇక పూర్వపక్షములను విచారింతము. మొదటి పూర్వపక్షము: "చర్చలు వంచన. ఆ విరామములో మావోయిస్టులు ఊళ్లలో సభలు చేసికొనిరి, చందాలు దండుకొనిరి, బలము కూర్చుకొనిరి. కావున ఉగ్రవాదులతో మాటలాడుట పామునకు పాలు పోయుటయే." ఇందలి వాస్తవాంశమును నేను కాదనను. ఆ మాసములలో వారు సాయుధులై పల్లెలలో తిరుగుట నిజము. కాని దీనినుండి తేలునదేమి? చర్చ వ్యర్థమని కాదు. చర్చకు కావలసిన కట్టుబాట్లు లేవని. కాల్పులు విరమింతుమని ఇరువురు చెప్పుకొనిరేగాని, ఎవరు విరమించిరి, ఎవరు మీఱిరి యని చూచి చెప్పుటకు అధికారముగల సాక్షి యెవడును లేడు. ఆయుధముల ప్రశ్నను తీర్చుటకు ఇరుపక్షములు నమ్మదగిన మూడవచేయి లేదు. పొలము గట్టు తగవులోనైనను పెద్దమనుష్యులు నడుమ కూర్చుండి, కొలత గొలుసు తెచ్చి, రాయి పాతి, సాక్షుల పేరులు వ్రాయింతురు. వేలకొలది ప్రాణములతోడి తగవునకు ఆ మాత్రము శ్రద్ధయైనను చూపక, తగవు తెగలేదు గనుక పంచాయతీయే దండుగ యనుట ఏమి తర్కము?

అట్టి శ్రద్ధ చూపినచోట నేమి జరిగెనో చూడుడు. ఐర్లండు ఉత్తరభాగమున ముప్పది యేండ్లు బాంబులు ప్రేలెను. 1998 ఏప్రిలు 10న ఒడంబడిక కుదిరెను. ఆయుధముల సంగతి చూచుటకు కెనడా సేనాని యొకని యాధిపత్యమున స్వతంత్ర సంఘమొకటి పనిచేసెను. తడవలు తడవలుగా ఆగుచు, అలుగుచు, ఏడేండ్లు పట్టెను. ఐరిష్ రిపబ్లికన్ సైన్యము ఆయుధములన్నియు తొలగించెనని ఆ సంఘము 2005 సెప్టెంబరులో ప్రకటించెను. మన నారాయణపేటలో నెత్తురు పాఱిన మఱుసటి నెల యది! మన దేశముననే మిజోరాము కలదు. 1966 మార్చిలో మన విమానములే ఐజ్వాల్ పట్టణముపై బాంబులు వేసెను. పల్లెలను పెఱికి దారిప్రక్కలకు చేర్చిరి. ఇరువది యేండ్లు పోరు తెగలేదు. 1986 జూన్ 30న ఒడంబడిక జరుగగా, తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగా ముఖ్యమంత్రియై ప్రమాణము చేసెను. దేశము ముక్కలు కాలేదు సరికదా, ఈశాన్యమున మిక్కిలి ప్రశాంతమైన రాష్ట్రములలో మిజోరాము లెక్కకు వచ్చెను. ఐతే చర్చలన్నియు ఫలించునని చెప్పుట నా యుద్దేశము కాదు. సింహళమున 2002లో నార్వేవారు నడుమనుండి కుదిర్చిన కాల్పులవిరమణ నిలువక, 2009లో ఘోరయుద్ధముతో ముగిసెను. ఫలించినచోట్ల ఇచ్చుటకు ప్రభుత్వము చేత నేదియో యుండెను, పుచ్చుకొనుటకు ప్రతిపక్షము సిద్ధపడెను. సామము వెనుక దానముండెనని భావము.

రెండవ పూర్వపక్షము మఱింత బలమైనది: "2005 పిదప ప్రభుత్వము గట్టిగా పూనుకొనగా కొలది యేండ్లలో నల్లమల నిర్మలమయ్యెను. గ్రేహౌండ్స్ చేసిన పనిని ఏ చర్చయు చేయలేదు. కావున తుపాకియే గెలిచినది." నల్లమలనుండి దళములు తొలగుట వాస్తవము, దానివలన పల్లెలు ఊపిరి పీల్చుకొనుటయు వాస్తవము. కాని తుపాకి యొక్కటియే గెలిచెననుట లెక్క తప్పుట. ఆ యేండ్లలో లొంగిపోయినవారికి ధనము, పునరావాసము ఇచ్చు పథకము నడచెను, అది దానము. దళములనుండి మనుష్యులను విడదీసి, వారి మాటచేత తక్కినవారిని పట్టిరి, అది భేదము. కొండపల్లెలకు బాటలు వేసిరి, జూరాల నీరు, పిదప కల్వకుర్తి ఎత్తిపోతల నీరు కొన్ని పొలములకు చేరెను, అదియు దానమే. చర్చలలో భూమి ప్రశ్న బల్లమీదికి వచ్చినందుననే కదా 2004 చివర కోనేరు రంగారావు అధ్యక్షతన భూమి సంఘమేర్పడి 104 సిఫారసులు చేసినది! 2006లో పార్లమెంటు అడవిబిడ్డల హక్కుల చట్టము చేసినది. నాలుగు ఉపాయములును పనిచేసిన చోట నాలుగవదానికి మాత్రమే పూలదండ వేయుట కృతఘ్నత, అంతేకాదు, ప్రమాదము. ఏలయన, రేపు మఱియొకచోట ఆ నాలుగవదానినే ఒంటరిగా పంపి, అది ఫలింపకున్న ఇంకను పంపుదురు.

మఱి దండమనగా నేమి? ఇచ్చటనే మనవారు శాస్త్రమును తలక్రిందులు చేసిరి. దండమనగా చంపుట కాదు. నేరము విచారించి, నేరగానిని నిర్ణయించి, నేరమునకు తగినంత శిక్షించుట దండము. తీక్ష్ణదండముచేత ప్రజలు కలత చెందుదురనియు, మృదుదండముచేత రాజు లోకువయగుననియు, తగిన దండము వేయువాడే పూజ్యుడనియు కౌటిల్యుని మతము. తగినదో కాదో తెలియుటకు విచారణ కావలెను గదా! విచారణ లేనిచో తీక్ష్ణమేది, మృదువేది? హైదరాబాదులో 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగరున బాంబులు ప్రేలి నిరపరాధులు మరణించిరి. నిందితులను పట్టి, సాక్ష్యములు చూపి, వారి వకీళ్ల వాదము విని, 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానము ఐదుగురికి మరణశిక్ష విధించెను. 2025 ఏప్రిలులో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము దానిని ధ్రువపఱచెను. మరణశిక్ష ఉండవలెనా యను ప్రశ్న వేఱు. కాని శాస్త్రము చెప్పిన దండరూపమది. పన్నెండేండ్లు పట్టెను, ఐనను, వీరు నేరగాండ్రు కారేమోయను సందేహమును పరీక్షించిన పిమ్మటనే తీర్పు వచ్చెను. తెల్లవారుజామున అడవిలో కాల్చి, మధ్యాహ్నమునకు ఒకే మూసలో పోసిన ప్రకటన చేయుచో, అది దండమని యెట్లు నమ్మవలెను? ఎదురుకాల్పులు నిజముగా జరుగునవియు కలవు. పోలీసువాడు ఆత్మరక్షణమునకు కాల్చుటయు కలదు. కావుననే ప్రతి మరణమునకును నేరనమోదు, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ కావలెనని సర్వోన్నత న్యాయస్థానము 2014లో మార్గదర్శకములు విధించెను. నిజముగా పోరాడిన పోలీసువానికి ఆ విచారణ గౌరవమే తెచ్చును. దానికి భయపడువాడెవడో చదువరులే యూహింపవచ్చును.

దూతను గుఱించియు ఒక మాట. రావణునివంటివాని సభలో హనుమంతుని చంపబోగా, దూత వధ్యుడు కాడని విభీషణుడు చెప్పెను. రావణుడు విని ఆగెను. చర్చల బల్లయొద్ద కూర్చున్నవాడు తొమ్మిది నెలలు తిరుగకముందే కాల్పులలో మరణించినచో, తప్పెవరిదైనను, మఱియొకడు బల్లయొద్దకు వచ్చునా? ఆ నాయకుడు మరణించుట ప్రభుత్వమున కొక విజయమైనచో, రేపు మాట వినిపించుకొనుటకు మనిషి లేకపోవుట ఎంత పెద్ద నష్టమో లెక్క చూచినవారు లేరు.

ఇంతవఱకు చదివి, ఈతడు రెండవ పక్షమువాడని మీరనుకొనవచ్చును. కాను. చర్చాపక్షమువారిలో పెక్కండ్రకొక దుర్గుణము కలదు. ప్రభుత్వపు తుపాకి చప్పుడు వారికి ఆమడదూరమునుండి వినబడును. తిరుగుబాటుదారుని తుపాకి చప్పుడు పక్కయింటనుండియు వినబడదు. ఇన్ఫార్మరని ఆరోపించి, చింతచెట్టు క్రింద పంచాయతీ పెట్టి, వకీలు లేక, సాక్షి లేక, అప్పీలు లేక పేదరైతును చంపుట ప్రజాన్యాయమా? విచారణ లేని ఎన్‌కౌంటరును ఖండించు నోటితోనే విచారణ లేని ఈ హత్యను ఖండింపనివాడు శాంతివాది కాడు, పక్షవాది. బడి భవనమును, రోడ్డును, సెల్‌ఫోను స్తంభమును ప్రేల్చిన పార్టీ పేదవాని హితము కోరునదియని నేనెన్నడును నమ్మను. పైగా రాజ్యాంగమున ప్రజలు తమ ప్రతినిధుల నెన్నుకొని, తప్పించు మార్గముండగా, ఆ ప్రతినిధినే స్వాతంత్ర్య దినమున కాల్చుట, మాటను నమ్మిన ప్రతి సామాన్యుని నమ్మకమును కాల్చుటయే.

బలప్రయోగమే వలదనువాడనును కాను. మన పెద్దలు చూచిన 1948ని తలచుకొనుడు. రజాకార్లు పల్లెలను దోచి, తగులబెట్టి, చంపుచున్న కాలమున భారతప్రభుత్వము ఒక్కసారి సైన్యమును పంపలేదు. 1947 నవంబరు 29న నిజాముతో యథాతథపు ఒడంబడిక చేసికొనెను. పలుమాఱులు రాయబారములు నడచెను. నిజాము మాటకు నిలువక, రజాకార్లను అణచక పోగా, 1948 సెప్టెంబరు 13న సైన్యము కదలెను. ఐదు దినములలో పని ముగిసెను. సామము నిజాయితీతో జరిగిన పిదప వచ్చిన దండము కనుకనే ప్రజలు దానిని ఆదరించిరి. కాని తరువాతి కథ బడిపుస్తకములలో తఱుచుగా కానరాదు. సైన్యము గెలిచిన పిమ్మట నిజాం రాష్ట్రమున ముస్లిము గృహస్థులపై జరిగిన ప్రతీకారహత్యలను పండిత సుందర్‌లాల్ సంఘము విచారించి, మృతులు వేలకొలదియని నివేదించెను. ఆ నివేదిక దశాబ్దములు బీరువాలో నుండెను. అదే సైన్యము 1951 వఱకు తెలంగాణ రైతుల సాయుధపోరాటముపై పనిచేసెను. ఐనను భూమి ప్రశ్న తుపాకితో తీఱలేదు. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారు చట్టము వచ్చెను. 1951 ఏప్రిలులో పోచంపల్లిలో వినోబా చేయిచాచగా భూదానము మొదలయ్యెను. ఐదు దినముల దండముతో రాజ్యము మాఱినది. భూమిమీద మనిషికి నిలువ చోటిచ్చుటకు మాత్రము దానమే కావలసివచ్చెను. ఆ దానమును మనము సగములో విడిచితిమి. ఆ విడిచిన సగము నుండియే 1980 పుట్టినది.

పొరుగుదేశము పంపిన హంతకుల సంగతి కొంత వేఱు. 2025 ఏప్రిలు 22న పహల్‌గామున యాత్రికులను చంపినవారికి ప్రతిగా మన సైన్యము మే 7న చర్య జరిపెను. 10న కాల్పులు నిలిచెను. అచ్చటనైనను నాలుగు దినముల పోరు ముగిసినది ఇరువైపుల సైనికాధికారులు మాటలాడుకొనుట చేతనే. అట్లుండగా, ఆ మాసములలోనే ఛత్తీస్‌గఢ్ అడవులలో మన దేశపు పౌరులతోనే యుద్ధము సాగుచుండెను. చర్చలకు సిద్ధమని మావోయిస్టు పార్టీ ప్రకటించెను. ఆయుధములు విడువకున్న చర్చలు లేవని కేంద్రప్రభుత్వమనెను. మే 21న ఆ పార్టీ ప్రధానకార్యదర్శి, శ్రీకాకుళం జిల్లావాడు నంబాల కేశవరావు హతుడయ్యెను. అక్టోబరులో పెద్దపల్లివాడు మల్లోజుల వేణుగోపాలరావు అనుచరులతో గడ్చిరోలిలో ఆయుధములప్పగించెను. ఈ రెండింటిని పోల్చి చూడుడు. మొదటివానితో వాని యెఱుకయు, వాని నేరములయొక్క సాక్ష్యమును, వాని మాటకు కట్టుబడు మనుష్యులను మాటచేత త్రిప్పు నవకాశమును అంతరించెను. రెండవవానివెంట పదులకొలది తుపాకులు నెత్తురుబొట్టు లేక నేలకు దిగెను. రాజ్యమునకు ఏది లాభము? తుపాకి భయము లేకున్న రెండవది జరిగెడిది కాదని వాదింపవచ్చును, కొంత నిజము. కాని తలుపు తెఱచి లేకున్న భయపడినవాడు ఎక్కడికి వచ్చును?

చివరకు మన నల్లమలనే సాక్షిగా పిలిచెదను. 2019లో అమ్రాబాదు అడవిలో యురేనియము అన్వేషణకు యత్నము జరుగగా చెంచులు, రైతులు, విద్యార్థులు, స్త్రీలు, కవులు, గాయకులు ఒక్కటై కదలిరి. బంద్‌లు జరిగెను, సభలు జరిగెను. ఒక్క తుపాకి ప్రేలలేదు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియము త్రవ్వకము వలదని ఏకగ్రీవముగా తీర్మానించెను. దళములు లేనందుననే ప్రజలు నోరు తెఱువగలిగిరని మొదటి పక్షమువారనవచ్చును. ఔను; దళముండినచో మాటలాడిన ప్రతివాడును దళసభ్యుడని ముద్రపడెడివాడు. ఐతే ఈ మాటలో రెండవ సగమును కూడ నొప్పుకొనవలెను: ప్రభుత్వము కాల్చకపోవుట చేతను, విన్నందునను ఆ మాట ఫలించెను. ఇరువైపుల తుపాకులు దిగినప్పుడే పేదవాని గొంతు వినబడునని నల్లమల చెప్పుచున్నది.

చదువరులారా, గృహిణులారా! ఇది మంత్రులును సేనానులును మాత్రమే తేల్చవలసిన సంగతియని మీరనుకొనవలదు. అడవిలో పదిమంది మరణించిరని వార్త రాగానే మిఠాయి పంచుకొను ఇండ్లును, మందుపాతర ప్రేలి పోలీసులు మరణించిరని లోలోపల సంతోషించు ఇండ్లును మన సీమలో గలవు. ఆ పది శవములలో పెక్కు గోండు పిల్లలవి. ఆ పోలీసులలో పెక్కురు మనవంటి రైతు కుటుంబముల బిడ్డలు. పిల్లలు మన మొగములను చూచి నేర్చుకొందురు. చావును పండుగగా చూపిన యింట పెరిగిన పిల్లవాడు రేపు ఏ పక్షమున చేరినను హింసాపక్షముననే చేరును. ఇది యింట జరుగవలసిన సంస్కరణము.

బయట జరుగవలసినది మఱియొకటి కలదు. మీ శాసనసభ్యుడు మీ వీధికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలడుగుడు. అడవిహక్కుల చట్టము క్రింద మన చెంచుపెంటలలో ఎందఱికి పట్టాలు చేతికి వచ్చినవి, ఎందఱివి కచ్చేరిలో నిలిచినవి? కోనేరు రంగారావు సంఘపు సిఫారసులలో మన జిల్లాలకు తగిలినవి ఎన్ని అమలైనవి? కాల్పులలో జరిగిన ప్రతి మరణముపై మేజిస్ట్రేటు విచారణ నివేదిక ప్రజలకు చూపించుచున్నారా? ఇందు మొదటి రెండును దానమునకు, మూడవది దండమునకు సంబంధించినవి. ఈ మూటికిని సరియైన బదులు వచ్చిననాడు, తుపాకి పట్టి వచ్చినవాడు పేదవాని తలుపు తట్టినను, లోపలినుండి వాని మాట వినువాడుండడు. బదులు రానిచో, నేడు నిశ్శబ్దముగా నున్న అడవిని చూచి మనము గెలిచితిమనుకొనుట, కప్పు కాఱని వేసవిలో ఇల్లు బాగుగా నున్నదనుకొనుటవంటిది.